ఇంట్లో ఆర్కిడ్
సీతాకోకచిలుకల్లాంటి పూలు పూసే ఫాలెనాప్సిస్ ఆర్కిడ్ అడవిలో చెట్ల కొమ్మలను అంటిపెట్టుకుని బతుకుతుంది. అందుకే మట్టిలో నాటితే వేర్లు కుళ్లిపోతాయి. చెట్టుబెరడు ముక్కలు, బొగ్గు నింపిన చిల్లుల కుండీలో పెంచండి. తూర్పు కిటికీ దగ్గరి లేత వెలుగు చాలు. మన ఎండాకాలపు మధ్యాహ్నపు ఎండ ఆకులను మాడ్చేస్తుంది.

నీళ్లెప్పుడు పోయాలో వేర్లను చూస్తే తెలుస్తుంది. పచ్చగా ఉంటే ఆగండి; తెల్లబడితే ఉదయం పూట తడపండి. ఆకుల నడిమి మొవ్వులో నీరు నిలిస్తే తుడిచేయండి, లేదంటే మొక్క కుళ్లుతుంది. చలికాలపు చల్లని రాత్రులు పూకాడ రావడానికి తోడ్పడతాయి. విచ్చిన పూలు 2, 3 నెలలు నిలుస్తాయి. పూలు రాలాయని మొక్కను పారేయకండి. ఆకులు, వేర్లు గట్టిగా ఉంటే అది మళ్లీ పూస్తుంది.