గప్పీ ట్యాంక్‌లో మగవెన్ని, ఆడవెన్ని?

ఈరోజు ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

నేను మొదటిసారి ఆరు గప్పీలు కొన్నాను. ఐదు మగవి, ఒక్కటే ఆడది. ఎందుకంటే రంగురంగుల తోకలన్నీ మగవాటికే ఉంటాయి. ఆడది లేత బూడిద రంగు, ఎవరి కంటికీ ఆనదు.

అప్పుడు వర్క్ ఫ్రమ్ హోమ్. ల్యాప్‌టాప్ పక్కనే ట్యాంక్. ఐదు మగవీ రోజంతా ఆ ఒక్కదాని వెనకే. "భలే ఆడుకుంటున్నాయి" అనుకుని వీడియో తీసి స్టేటస్ కూడా పెట్టా. పది రోజులకి అది మేత మానేసి ఫిల్టర్ వెనక దాక్కుంది. ఇంకో రెండు రోజులకి చనిపోయింది. అది ఆట కాదు ఫ్రెండ్స్, దానికి ఊపిరి సలపనివ్వలేదంతే.

గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్... ఇవన్నీ గుడ్లు పెట్టవు, నేరుగా పిల్లల్నే కంటాయి. వీటిలో మగచేప ఆడదాన్ని తరుముతూనే ఉంటుంది. అందుకే ఒక మగదానికి కనీసం రెండు ఆడవి, మూడుంటే ఇంకా మంచిది. అప్పుడు ఆ ఒత్తిడి ఒక్కదాని మీదే పడదు. దాక్కోడానికి మొక్కలు కూడా ఉండాలి.

గుర్తుపట్టడం ఎలా? రంగు చూసి మోసపోకండి. పొట్ట కింద, వెనకవైపు రెక్క చూడండి. సన్నగా పుల్లలా ఉంటే మగది. విసనకర్రలా విచ్చుకుని ఉంటే ఆడది.

ఇప్పుడు అసలు చిక్కు. ఆడవి పెరిగితే పిల్లలూ పెరుగుతాయి. ఆడ గప్పీ దాదాపు నెలకోసారి కంటుంది, ఒక్కో కాన్పులో ఇరవై ముప్పై పిల్లలు మామూలే. "అయితే మగవాటిని తీసేస్తా" అంటారా? ఒక్కసారి జతకడితే చాలు, ఆ వీర్యాన్ని ఆడచేప నెలల తరబడి ఒంట్లో దాచుకుంటుంది. మగది లేకపోయినా మళ్లీ మళ్లీ కంటుంది. షాపులో అన్నీ కలిపి ఉంచిన ట్యాంక్ నుంచి తెచ్చిన ఆడది అప్పటికే కడుపుతో ఉండొచ్చు.

కాబట్టి చిన్న ట్యాంక్, పిల్లలు వద్దు అనుకుంటే మొత్తం మగవే పెంచండి. రంగులకి రంగులు, కాన్పుల గొడవ లేదు. కొంచెం తరుముకుంటాయి, ఓ కన్నేసి ఉంచండి. పిల్లలు కావాలంటే, నెల దాటి తేడా తెలియగానే మగా ఆడా వేరు చేయండి.

ఎక్కువైతే చెరువులో మాత్రం వదలొద్దు. ఇవి దక్షిణ అమెరికా వైపు చేపలు. మన నీళ్లలో ఈజీగా బతికేస్తాయి, ఇక్కడి చిన్న చేపలకి పోటీ అవుతాయి. ఫ్రెండ్స్‌కి ఇవ్వండి, షాపులో అడిగి చూడండి.

ఇప్పుడు నా దగ్గర రెండు మగవి, ఆరు ఆడవి. ఏదీ ఫిల్టర్ వెనక దాక్కోవట్లేదు. ఈ రాత్రి ఫోన్ పక్కన పెట్టి, మీ ట్యాంక్ ముందు ఐదు నిమిషాలు కూర్చోండి. ఏదైనా ఆడచేప రెక్కలు ముడుచుకుని మూలకి చేరితే, రేపటిదాకా ఆగకుండా దాన్ని వేరే నీళ్లలోకి మార్చండి. నేను ఆరోజు వీడియో తీశాను. మీరు అలా చేయకండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. బై!