కోడిగ్రుడ్డు: మేతయు, మందును

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



సంతలో నేడు మూడు తరగతుల గ్రుడ్లు లభించుచున్నవి: ఫారము గ్రుడ్డు, నాటు గ్రుడ్డు, పట్టణములనుండి దిగిన సేంద్రియ గ్రుడ్డు. కడపటిదానికి వెల హెచ్చు. ఆ వెలకు తగిన మేలు కలదా యని యిల్లాండ్రు అడుగుచున్నారు. దీనికి ఔననిగాని కాదనిగాని ఒక్కమాటలో బదులు చెప్పుట పొసగదు.

50 గ్రాముల గ్రుడ్డునందు సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు, 5 గ్రాముల క్రొవ్వు ఉండును. ఏ, డి, బి-12 విటమినులు కలవు; సి విటమిను లేదు. మాంసకృత్తుల విషయమున ఈ మూడింటికిని చెప్పుకొనదగిన భేదము లేదు. కావున సేంద్రియ గ్రుడ్డు కొనజాలక బిడ్డకు గ్రుడ్డే మానిపించుటకంటె ఫారము గ్రుడ్డు పెట్టుటయే మేలు.

భేదము కొంత క్రొవ్వునందున్నది. కోడి తిన్న మేతలోని గుణము పచ్చసొనలోనికి దిగును. గడ్డియు పురుగులును తిని, ఎండలో తిరిగిన పెట్ట గ్రుడ్డునందు ఒమేగా-3 క్రొవ్వులును, డి విటమినును హెచ్చుగా నుండునని పరిశోధకులు కనుగొనిరి. ఈ హెచ్చు పచ్చికవలనను ఎండవలనను వచ్చినదే కాని, పెట్టెపై అతికించిన చీటివలన వచ్చినది కాదు. పెంకు రంగు కోడి జాతినిబట్టి యుండును. సొన రంగు మేతను బట్టి మారును. పచ్చజొన్నలు, బంతిపూల రేకులు మేతలో కలిపినచో ఏ కోడి సొనయైనను పచ్చబడును. తెల్లగ్రుడ్లను తేనీటి కషాయములో ముంచి నాటువని అమ్మువారును లేకపోలేదు.

సేంద్రియ పద్ధతివలని ముఖ్యమైన మేలు మందుల విషయమున కలదు. ఈ చరిత్రలో ఒక తెలుగువాని పేరు వచ్చును. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనాధిపతిగా నుండగా, వారి ఆధ్వర్యమున బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను మందును సాధించెను. 1948లో అది లోకమునకు వెల్లడియైనది. ఆ సంవత్సరమే సుబ్బారావుగారు కీర్తిశేషులైరి. ఎందరి ప్రాణములనో నిలిపిన మందది. పిమ్మట అచ్చటనే థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ అను ఇరువురు, మందు తీసిన పిదప మిగిలిన పిప్పిని కోడిపిల్లల మేతలో కలిపి చూడగా అవి త్వరత్వరగా ఎదిగినవి. 1950లో ఈ వార్త పొక్కినది. రోగములేని కోళ్లకును పశువులకును నిత్యము మందు మేపు వాడుక దేశదేశముల వ్యాపించినది. మానవుని రక్షింప పుట్టిన మందు మేత దినుసైపోవుట వింతయే!

కొద్దికొద్దిగా మందు తగులుచుండిన సూక్ష్మజీవులలో దానికి లొంగనివి మిగిలి వృద్ధిపొందును. అవి పేడతో నేలకును, నీటికిని, మనుష్యులకును చేరును. తుదకు పసిబిడ్డ జ్వరమునకు వైద్యుడిచ్చిన మందు పనిచేయకపోవును. ఐరోపా సమాఖ్య 2006 నుండి పెరుగుదలకై ఇట్టి మందులను మేతలో వాడుటను నిషేధించినది. వైద్యులు తుది ఆయుధముగా దాచుకొను కొలిస్టిన్ అను మందును ఆహారమునకై పెంచు జంతువులకు వాడరాదని భారత ప్రభుత్వము 2019లో ఆజ్ఞాపించినది. సేంద్రియ పద్ధతిలో రసాయన ఎరువులును పురుగుమందులును లేక పండించిన మేతనే పెట్టవలెను. రోగము లేని కోడికి మందు పెట్టరాదు. పెట్టవలసివచ్చినచో గడువు తీరువరకు దాని గ్రుడ్లను సేంద్రియములుగా అమ్మరాదు. అధిక వెల చెల్లించువారు పెట్టెపై సేంద్రియ ధ్రువీకరణ గుర్తును చూచి కొనవలెను.

పెరటికోడి గ్రుడ్డు దాదాపు ఇట్టిదే కదా యని కొందరందురు. చాలవరకు నిజమే. కాని కోడి మట్టిని గెలకి తినును. ప్లాస్టిక్కు కాల్చిన బూడిద, మందు పట్టించిన విత్తనములు, పురుగుమందు డబ్బాలు కడిగిన మడుగు - వీనిలోని విషములు సొన క్రొవ్వులో చేరగలవు. సేద్యమున డి.డి.టి. వాడుక 1989లోనే నిషేధింపబడినను, అది నేలలో చిరకాలము నిలుచు పదార్థము. పెరడు శుభ్రముగా లేనిచో పెరటి గ్రుడ్డును శుభ్రము కాదు.

సాల్మొనెల్లా అను సూక్ష్మజీవి సేంద్రియ గ్రుడ్డులోను ఉండవచ్చును. సొన గట్టిపడునంతవరకు ఉడికించి తినవలెను. పచ్చిగ్రుడ్డు త్రాగిన బలము వచ్చునన్న వాడుక సరికాదు. పచ్చి తెల్లసొనలోని అవిడిన్ అను పదార్థము బయోటిన్ విటమినును ఒంటికి పట్టనీయదు.

పెంపకము తలపెట్టువారికి ఒక మాట. నాటు పెట్ట ఏటికి 60 నుండి 80 గ్రుడ్లు పెట్టును. హైదరాబాదులోని కోళ్ల పరిశోధనాలయము రూపొందించిన వనరాజ, గ్రామప్రియ జాతులు పెరటిలోనే తిరిగి అంతకంటె హెచ్చుగా పెట్టును. సేంద్రియమనగా టీకాలు మానుట యని కొందరు పొరబడుచున్నారు. టీకాలకు ఆ పద్ధతిలో అడ్డు లేదు. కొక్కెర తెగులు సోకిన గూడు కొద్దిదినములలో ఖాళీయగును; సోకిన పిదప దానికి మందు లేదు. పశువైద్యశాలలో అడిగి, పిల్ల పుట్టిన మొదటి వారముననే కంటిలోనో ముక్కులోనో టీకా చుక్క వేయింపవలెను. పెద్దకోళ్లకు టీకా వేయునపుడు పొద్దుగ్రుంకి అవి గూటికి చేరిన పిమ్మట పట్టుట సులువు.