బీరు సీసా లెక్క
(అమలాపురంలో పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షనర్ల సభలో బీరు గురించి మాట్లాడతానంటే అధ్యక్షుల వారు నా ముఖం వంక ఒకసారి తేరిపార చూశారు. నేను తాగను. సబ్ ట్రెజరీలో చలానాలు చూసిన గుమాస్తాను గనుక లెక్క మాత్రం చెబుతాను.

కిందటి సంక్రాంతికి వచ్చిన మా మనుమడు "బీరే కదా తాతయ్యా, మందు కాదుగా" అన్నాడు. పెన్షన్ స్లిప్పు వెనుక లెక్క వేసి చూపించాను. స్ట్రాంగ్ బీరులో ఆల్కహాలు 8 శాతం వరకు ఉంటుంది. అంటే 650 మి.లీ. సీసాలో 52 మి.లీ. అరవై మి.లీ. విస్కీ పెగ్గులో ఉండేది సుమారు 26 మి.లీ. ఒక సీసా బీరు రెండు పెద్ద పెగ్గులతో సమానమన్నమాట! మన దేశంలో అమ్ముడయ్యే బీరులో ఎక్కువ భాగం ఈ రకమే. వాడు స్లిప్పు తీసుకుని లెక్క మళ్ళీ సరిచూసుకున్నాడు.

ఇక వ్యాపారం సంగతి. బార్లీ గింజలను మొలకెత్తించి, ఆరబెట్టి, ఉడికించి, చేదు కోసం హాప్స్ అనే పువ్వులు వేసి పులియబెడతారు. బియ్యపు నూకలు, మొక్కజొన్న కూడా కలుపుతారు. శ్రీకాకుళం జిల్లా రణస్థలం దగ్గర, తెలంగాణలో సంగారెడ్డి జిల్లాలో కర్మాగారాలున్నాయి. అయితే సబ్బుకు, బిస్కట్టుకు ధర కంపెనీ పెడుతుంది. బీరుకు అలా కుదరదు. మద్యం రాష్ట్రాల చేతిలోని విషయం, దానికి జి.ఎస్.టి. లేదు. 1986లో ఏర్పడిన బెవరేజెస్ కార్పొరేషనే సరుకు కొని దుకాణాలకు ఇస్తుంది. 2025 జనవరిలో ధర పెంచలేదని, బకాయిలు రాలేదని పెద్ద కంపెనీ ఒకటి తెలంగాణకు సరఫరా ఆపివేసింది. ఫిబ్రవరిలో ధర 15 శాతం పెరిగింది. మన రాష్ట్రంలో 2019 అక్టోబరు నుండి అయిదేళ్లు ప్రభుత్వమే దుకాణాలు నడిపింది. అలవాటైన పేర్లు మాయమై, కొత్త పేర్లు వచ్చాయి. 2024 అక్టోబరులో లాటరీ తీసి మళ్ళీ ప్రైవేటు వారికి ఇచ్చారు. ఏ సీసా దొరకాలో తాగేవాడు గాని, చేసేవాడు గాని నిర్ణయించడం లేదు.

వద్దనుకున్న రోజులూ ఉన్నాయి. 1954లో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది మద్యనిషేధం వివాదం మీదనే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవారు తిరగబడ్డారు. 1993లో సారా పోయింది. 1995 జనవరిలో రామారావు గారు సంపూర్ణ నిషేధం పెట్టారు. 1997లో అది సడలింది. ఆ రెండేళ్లూ ఎదుర్లంక రేవులో పంటు ఎక్కి యానాం వెళ్ళివచ్చిన వారి నడక మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. యానాం పుదుచ్చేరిలోది, ఆ చట్టం వేరు.

ఇప్పుడు ఎవరికీ చెప్పని ఒక మాట మనవి చేస్తాను. సారా వేలంపాటల రోజుల్లో ఒకనాడు కంట్రాక్టరు కిస్తీ చలానా నా బల్లమీదకు వచ్చింది. అదే పూట ఒక అటెండరు భార్య ఫ్యామిలీ పెన్షన్ కాగితాలతో వచ్చి నిలబడింది. భర్త సారాకు బలయ్యాడు, నలభై దాటలేదు. చలానా జమ రాశాను, ఆమె బిల్లు ఖర్చు రాశాను. రెండింటికీ అదే కలం. అంకెలు సరిపోయాయి గనుక నిశ్చింతగా ఇంటికి వెళ్ళాను. ఆ నిశ్చింత ఇప్పుడు నన్ను బాధిస్తుంది.

మన పెన్షనూ ఆ ఖజానా నుండే వస్తున్నది. కనుక ప్రభుత్వాన్ని తిట్టి చేతులు కడుక్కునే హక్కు మనకు లేదు. అయితే ఒకటి అడగవచ్చు. మద్యం మీద వచ్చిన రాబడి పక్కనే, ఆ అలవాటు మాన్పించే వైద్యానికి ఎంత ఖర్చు పెట్టారో ఏటేటా ప్రకటించమని మన సంఘం తీర్మానం చేసి పంపాలని కోరుతున్నాను. ఇంట్లో పిల్లలకు మాత్రం కేకలు వేయకుండా, స్లిప్పు వెనుక లెక్క వేసి చూపించండి.