కథ మార్చొచ్చు, పాత డ్రాయింగ్ మాత్రం దాచొద్దు

ఈ రోజు శుక్రవారం. మీలో సగం మంది బట్టలు ఉతుక్కుంటూనో, కూర తాళింపు వేస్తూనో వింటుంటారు. వినండి, పని ఆపక్కర్లేదు.

పోయిన నెల మా రూములో కుర్రాళ్ళు స్టార్ వార్స్ మొదలుపెట్టారు. మొదటి సినిమా పెట్టగానే తెర మీద పసుపు అక్షరాలు పైకి పోతూ ‘నాలుగో భాగం’ అని వచ్చింది. జగిత్యాల తమ్ముడొకడు, “అన్నా, మూడు భాగాలు వదిలిపెట్టి నాలుగోది పెట్టినవేంది?” అని నా మీద పడ్డాడు. ఈ రోజు మాట ఆ ప్రశ్న నుంచే.

ఆ సినిమా 1977 మే 25న అమెరికాలో విడుదలైంది. అప్పుడు దాని మీద నాలుగు అనే అంకె లేదు. పేరు ఉట్టి స్టార్ వార్స్, అంతే. 1981లో మళ్ళీ విడుదల చేసినప్పుడు ‘నాలుగో భాగం’ అని చేర్చారు. ఒకటి, రెండు, మూడు భాగాలు 1999, 2002, 2005లో వచ్చాయి. అంటే ఇల్లు కట్టి జనం కాపురం పెట్టాక, ఇది నాలుగో అంతస్తు, కింద మూడు ఉన్నాయి అని చెప్పినట్టు. మన సైట్‌లో ఇలా చెబితే ఇంజనీర్ గేటు బయటికి పంపిస్తాడు.

అసలు మార్పు కథలో ఉంది. మొదటి సినిమాలో ఓబీ-వాన్ అనే ముసలాయన హీరో ల్యూక్‌తో, మీ నాన్నను డార్త్ వేడర్ చంపాడని చెబుతాడు. 1980లో వచ్చిన రెండో సినిమాలో వేడరే వచ్చి, మీ నాన్నను నేనే అంటాడు. లోకమంతా నోరు తెరిచిన మలుపు అది. షూటింగులో వేడర్ వేషం వేసిన నటుడికి కూడా నిజం డైలాగ్ ఇవ్వలేదు. ఓబీ-వానే మీ నాన్నను చంపాడు అనే అబద్ధపు డైలాగ్ ఇచ్చారు. అసలు మాట తర్వాత డబ్బింగ్‌లో చెప్పించారు.

ఇదంతా ముందే అనుకున్నదేనా? కాదనే అనిపిస్తుంది. రెండో సినిమాకు లీ బ్రాకెట్ అనే రచయిత్రి 1978లో మొదటి డ్రాఫ్ట్ రాసింది. అందులో ల్యూక్ తండ్రి ఆత్మగా వచ్చి కొడుకుతో మాట్లాడతాడు. వేడర్ వేరే మనిషి. ఆవిడ ఆ ఏడాదే చనిపోయింది. తర్వాతి డ్రాఫ్ట్ జార్జ్ లూకాస్ రాసుకున్నాడు. వేడర్ తండ్రి అయ్యింది అక్కడే.

మరి ఓబీ-వాన్ చెప్పింది అబద్ధమైపోయింది కదా? 1983లో వచ్చిన మూడో సినిమాలో దానికి అతుకు వేశారు. ల్యూక్ నిలదీస్తే ముసలాయన, ఒక కోణంలో చూస్తే నేను చెప్పింది నిజమే అంటాడు. మంచివాడు వేడర్‌గా మారిన రోజే మీ నాన్న చచ్చిపోయినట్టు లెక్క అని. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

ఇక్కడిదాకా నాకు లూకాస్ మీద కోపం లేదు. పని జరుగుతుంటే డ్రాయింగ్ మారుతుంది. పునాది తవ్వితే రాయి పడుతుంది, పైపు అడ్డం వస్తుంది, మార్చాలి. రెండో సినిమా గొప్పగా వచ్చిందంటే ఆ మార్పు వల్లే.

కోపం వచ్చేది 1997 తర్వాత. ఆ ఏడాది పాత మూడు సినిమాలనూ మార్చి మళ్ళీ వదిలాడు. మొదటి సినిమాలో హాన్ సోలో హోటల్లో కూర్చుని, తనను పట్టుకోవడానికి వచ్చిన గ్రీడోను తనే కాల్చేస్తాడు. కొత్త దాంట్లో ముందు గ్రీడో కాలుస్తాడు, గురి తప్పుతుంది, అప్పుడు హాన్ కాలుస్తాడు. ఒక్క సెకను మార్పు, కానీ మనిషే మారిపోయాడు. ఎవడినీ నమ్మనివాడు మెల్లగా మంచివాడు కావడమే వాడి కథ. మొదటే మంచివాడైతే వాడు మారేదేముంది? 2004 డీవీడీలో మూడో సినిమా చివర్లో కనిపించే తండ్రి ఆత్మ నుంచి పాత నటుడిని తీసేసి, కొత్త భాగాల్లోని కుర్ర నటుడిని పెట్టాడు. పాత సినిమాలు ఉన్నవి ఉన్నట్టు 2006లో ఒకసారి డీవీడీలో అదనపు డిస్క్‌గా ఇచ్చారు. అది కూడా పాత లేజర్ డిస్క్ ప్రింటు, బొమ్మ నాణ్యత తక్కువ.

ఇదే లూకాస్ 1988లో అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు నిలబడి, పాత సినిమాలను మార్చడం తప్పని వాదించాడు. అది వేరేవాళ్ళు చేసే మార్పుల గురించి, తన సినిమా తన ఇష్టం అని ఆయన తరఫున అనొచ్చు. ఆ మాటలోనూ న్యాయం ఉంది. కానీ చూసినవాళ్ళకు కూడా కొంత హక్కు ఉంటుంది కదా.

మన సైట్‌లో పద్ధతి మీకు తెలుసు. డ్రాయింగ్ మారితే మూలన పట్టీలో రివిజన్ నంబరు, తేదీ, ఏం మారిందో రాస్తారు. మారిన చోట చుట్టూ మబ్బులాగా గీత గీస్తారు. పాత కాపీ మీద ‘సూపర్‌సీడెడ్’ ముద్ర వేసి ఫైల్లో పెడతారు. చించి పారేయరు. రేపు గోడ పగిలితే ఎప్పుడు, ఎందుకు మార్చామో తెలియాలి. లూకాస్ రివిజన్ చేసినందుకు కాదు, పాత డ్రాయింగ్ ఫైల్లోంచి తీసేసినందుకే నాకు బాధ.

ఇప్పుడు నా మాట. నేను ఐటీఐ డ్రాఫ్ట్స్‌మన్ చదివి వచ్చాను. ఏజెంటు ఆఫీసులో పని అన్నాడు. దిగాక తెలిసింది, హెల్పర్ వీసా. రెండేళ్ళు ఎండలో స్టీలు మోశాను. ఇంటికి ఫోన్ చేస్తే మాత్రం, డ్రాయింగ్ ఆఫీసు నాయినా, ఏసీ ఉంది అని చెప్పాను. రోజుకోసారి మెటీరియల్ కాగితం మీద సంతకం కోసం ఏసీ కంటైనర్లోకి పోయేవాణ్ణి. ఒక కోణంలో చూస్తే నిజమే కదా! తర్వాత ఫోర్‌మన్ అయ్యాను, సూపర్‌వైజర్ అయ్యాను. కొత్త కథ పాత కథ మీద చక్కగా కూర్చుంది. ఎవరూ అడగలేదు.

పోయిన సంవత్సరం ఇంటర్ చదివే నా కొడుకు ఫోన్‌లో, “డాడీ, నేను కూడా ఐటీఐ చేసి వచ్చేస్తా, నీకు దిగంగనే ఆఫీసు జాబ్ వచ్చింది కదా” అన్నాడు. నాకు నోట మాట రాలేదు. వాడు నా రివైజ్డ్ డ్రాయింగ్ చూసి ఇల్లు కట్టుకుంటున్నాడు.

ఆ శుక్రవారం వీడియో కాల్ పెట్టి అంతా చెప్పాను. పాస్‌పోర్టులో ఉన్న మొదటి వీసా, భుజం మీద ఉన్న మచ్చ చూపించాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “తాతకు తెల్సా?” అని అడిగాడు. తెలియదు. మా నాయిన పోయి ఆరేళ్ళయింది. ఆయన దగ్గర పాత కథే ఉండిపోయింది.

వాడు రావాలో వద్దో వాడిష్టం, వస్తే ఏ వీసా మీద వస్తున్నాడో చదువుకుని వస్తాడు. మీరు కూడా ఇంటికి ఏం చెప్పారో ఒకసారి గుర్తు చేసుకోండి. అమ్మ భయపడుతుందని దాచారు, సరే. మన వెనక బయలుదేరేవాడికి మాత్రం పాత డ్రాయింగ్ చూపించండి.

ఇంక సినిమా సంగతి. మా తమ్ముడికి చెప్పిందే మీకూ చెబుతున్నా. విడుదలైన వరసలోనే చూడండి, 1977 నుంచి. ఉంటాను, నమస్తే.