బోర్డు మారినంత తేలిగ్గా పేరు మారదు

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంపెనీలు పేరు తెచ్చుకోవడం, పోగొట్టుకోవడం, మార్చుకోవడం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. జన్మంతా గుమాస్తాగిరీ చేసినవాడికి వ్యాపారంతో ఏం పని అని మీలో కొందరికి తోచవచ్చు. మనం వ్యాపారం చేయలేదు గాని, ఒకటో తారీఖున కిరాణా కొట్లో చీటీ రాసిచ్చిన వాళ్లమే కదా! ఆ చీటీలో వనస్పతి అని ఎవరం రాశాం? డాల్డా అనే రాశాం. 1937లో లీవర్ వారు పెట్టిన పేరది. అంతకు ముందు విదేశం నుంచి వచ్చే దాదా అనే సరుకు పేరు నడుమ లీవర్ లోని ఎల్ అక్షరాన్ని ఇరికిస్తే డాల్డా అయింది. వేరే కంపెనీ డబ్బా తెచ్చినా ఇంట్లో దాన్నీ డాల్డాయే అన్నారు. 2003లో లీవర్ వారు ఆ పేరును బంగే అనే కంపెనీకి అమ్మేశారు. ఈ సంగతి ఎరగకుండానే ఖాళీ డాల్డా డబ్బాల్లో తులసి మొక్కలు పెంచుకున్న ఇళ్లు మన పేటల్లో బోలెడు.

పేరు తెచ్చుకున్న వారిలో మనం ముందుగా చెప్పుకోవలసింది నిర్మా సంగతి. ఎందుకంటే ఆ కథ మన బోటివాడిది. కర్సన్‌భాయ్ పటేల్ గారు గుజరాత్ ప్రభుత్వ గనులు, భూగర్భ శాఖలో ప్రయోగశాల ఉద్యోగి. 1969లో అహ్మదాబాదులో ఇంటి పెరట్లో పసుపుపచ్చ సబ్బుపొడి తయారు చేసి, ఆఫీసుకు పోతూ వస్తూ సైకిలు మీద ఇంటింటికీ అమ్మారు. ఆయన కూతురు నిరుపమ పేరు మీదనే అది నిర్మా అయింది. మన దేశంలో 1959 నుంచీ సర్ఫ్ ఉన్నది గాని, అది పెద్ద జీతగాళ్ల ఇళ్ల సరుకు. మన ఇళ్లలో సబ్బుబిళ్లే గతి. నిర్మా ధర సర్ఫ్ ధరలో మూడో వంతు కూడా లేదు. తెల్ల గౌను పిల్ల బొమ్మ వేసిన ఆ సంచి వచ్చాక మధ్య తరగతి ఇల్లాలికి మొదటిసారిగా పొడితో ఉతికే భాగ్యం కలిగింది. సర్ఫ్ వారు టీవీలో లలితాజీ అనే గడుసు ఇల్లాలిని ప్రవేశపెట్టి, చవక కొనడం వేరు, తెలివిగా కొనడం వేరు అని చెప్పించారు. అదీ చాలక చవక సరుకుకు పోటీగా వీల్ అనే వేరే పొడిని తెచ్చారు. సర్ఫ్ పేరు మీద చవక సరుకు అమ్మితే సర్ఫ్ పరువు పోతుందని వారి లెక్క. ఆ లెక్క సరైనదే. నిర్మా వారికీ అటువంటి లెక్కే ఉన్నది. 2016లో వారు లాఫార్జ్ కంపెనీ సిమెంటు వ్యాపారాన్ని ఇక్కడ కొన్నప్పుడు దానికి నిర్మా అని పెట్టలేదు, నువోకో అని పెట్టారు. ఇల్లు కట్టుకునేవాడు సబ్బుపొడి పేరున్న బస్తా చూస్తే ఏమనుకుంటాడో మీరే ఊహించుకోండి.

ఇక పోగొట్టుకున్న వారి కథల్లో ప్రపంచమంతా చెప్పుకునేది కోకాకోలాది. ఇది అమెరికాలో జరిగింది. పెప్సీ పోటీ ఎక్కువై, జనం తీపి రుచిని మెచ్చుకుంటున్నారని కంపెనీ వారు దాదాపు రెండు లక్షల మందికి రుచి చూపించి పరీక్షలు చేశారు. ఎక్కువ మంది కొత్త రుచే బాగుందన్నారు. 1985 ఏప్రిల్ 23న పాత కోక్ తీసేసి కొత్త కోక్ తెచ్చారు. ఇక చూడండి, ఫోన్లు! జూన్ నాటికి రోజుకు పదిహేను వందల మంది ఫోను చేసి తిట్టారట. 79 రోజులకే, అంటే జూలై 11న, పాతదాన్ని క్లాసిక్ అనే పేరుతో తిరిగి తెస్తున్నట్లు ప్రకటించారు. వారి పరీక్షలో లోపం ఎక్కడుందంటే, ఏది రుచిగా ఉన్నదని అడిగారు గాని, పాతది ఇక దొరకదు, మీకు సమ్మతమేనా అని అడగలేదు. మన ఆఫీసుల్లో సర్క్యులర్లు తయారు చేసే పెద్దలు కూడా ఇంతే. అడగవలసిన ప్రశ్న తప్ప తక్కినవన్నీ అడుగుతారు.

అదే కంపెనీ ఇక్కడ చేసిన పని మరీ విచిత్రం. విదేశీ మారక నియంత్రణ చట్టం ప్రకారం విదేశీ వాటా తగ్గించుకోవలసి వచ్చినప్పుడు, జనతా ప్రభుత్వంలో జార్జి ఫెర్నాండెజ్ గారు పరిశ్రమల మంత్రిగా ఉండగా, 1977లో కోకాకోలా దేశం వదిలిపోయింది. ఆ ఖాళీలో ప్రభుత్వమే ఒక పానీయం తెచ్చింది. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ పాకం తయారు చేసింది. రొట్టెలు చేసే ప్రభుత్వ సంస్థ మోడరన్ బేకరీస్ సీసాలకు ఎక్కించింది. పేరు డబుల్ సెవెన్. జనతా పార్టీ అధికారానికి వచ్చిన సంవత్సరం అని ఆ పేరు. నేను ప్రభుత్వ సేవకుణ్ణే అయినా చెప్పక తప్పదు, సర్కారు దయ మీద బతికే పేరు సర్కారుతోనే పోతుంది. 1980లో ఇందిరాగాంధీ గారు తిరిగి వచ్చాక దాన్ని పట్టించుకున్నవాడు లేడు. ఎన్నికల సంవత్సరాన్ని సీసా మీద అతికిస్తే, ఎన్నికలు ఓడినప్పుడు సీసా కూడా ఓడదా?

అప్పుడే పార్లే వారు థమ్సప్ తెచ్చారు. ఇంగ్లీషులో బొటనవేలు మాటలో ఉండవలసిన ఒక అక్షరాన్ని వదిలేసి మరీ పెట్టిన పేరు. రుచి ఘాటు. కారం తినే మన రాష్ట్రంలో అది నిలిచిపోయింది. ఎండలో పడివచ్చిన చుట్టానికి థమ్సప్ పోయకపోతే మర్యాద చేయనట్లే. 1990లో పెప్సీ వచ్చినప్పుడు విదేశీ పేరు ఒక్కటే వాడకూడదనే నిబంధన వల్ల లెహర్ పెప్సీ అని రాసుకోవలసి వచ్చింది. 1993లో కోకాకోలా తిరిగివచ్చి రమేష్ చౌహాన్ గారి దగ్గర థమ్సప్, లిమ్కా, గోల్డ్‌స్పాట్, మాజా పేర్లన్నీ కొనేసింది. కొన్నది పెంచడానికి కాదు. థమ్సప్ ప్రకటనలు తగ్గించి, నెమ్మదిగా తాగేవారిని కోక్ వైపు తిప్పుదామనుకున్నారు. తాగేవాడు తిరగలేదు. పైగా, తిరిగినవాడు పెప్సీ వైపు పోయే ప్రమాదం కనిపించింది. అప్పుడు నాలిక కరుచుకుని మళ్లీ థమ్సప్‌కు ప్రకటనలు మొదలుపెట్టారు. మన చిరంజీవి గారు, తరువాత మహేష్‌బాబు గారు ఆ సీసా పట్టుకుని కనిపించింది ఈ దారిలోనే. 2021లో దాని అమ్మకం వంద కోట్ల డాలర్లకు చేరింది. చంపుదామని కొన్న సరుకే వారికి అన్నం పెడుతున్నది. గోల్డ్‌స్పాట్‌కు మాత్రం ఆ అదృష్టం లేదు. దాన్ని ఆపేసి ఫాంటా తెచ్చారు. మా ఈడు వారికి ఆ నారింజ రంగు నాలిక మీద గుర్తే.

ఇప్పుడు మన ఊరి సంగతికి వస్తాను. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు గారు లెక్కలు తప్పని లేఖ రాసినప్పుడు హైదరాబాదులో ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలగలేదో మీకు తెలుసు. యాభై వేల వరకూ ఉద్యోగులు. మన సభ్యుల పిల్లలు కూడా ఉన్నారు. ఏప్రిల్‌లో వేలంలో టెక్ మహీంద్రా వారు ఆ కంపెనీని దక్కించుకున్నారు. అందరూ ఏమనుకున్నారు? మచ్చపడ్డ పేరు కదా, మర్నాడే చెరిపేస్తారని. వారు అలా చేయలేదు. జూన్‌లో మహీంద్రా సత్యం అన్నారు. నాలుగేళ్లు అలాగే నడిపి, 2013లో పూర్తిగా టెక్ మహీంద్రాలో కలిపారు. విదేశాల్లో ఉన్న ఖాతాదారుకు సత్యం అంటే తన పని చేసిపెట్టే ఫలానా కుర్రవాడు. ఆ కుర్రవాడు మోసం చేయలేదు. వాడు ఇంకా ఉన్నాడని ఖాతాదారుకు చెప్పడానికి పాత పేరు కావాలి. యజమాని మారాడని చెప్పడానికి కొత్త పేరు కావాలి. రెండూ పక్కపక్కన పెట్టి, పని స్థిరపడ్డాక ఒకటి తీసేశారు. నేను చదివిన పేరు మార్పుల్లో ఇంత ఓపికగా జరిగింది ఇంకొకటి కనబడలేదు.

దీని పక్కనే ఇంకొకటి చూడండి. సత్యం అన్న ఇంగ్లీషు అక్షరాలను తిరగరాస్తే మేటాస్. ఆ కుటుంబానిదే నిర్మాణ కంపెనీ. సత్యం కూలాక దాన్ని ఐఎల్ఎఫ్ఎస్ అనే పెద్ద సంస్థ తీసుకుని తన పేరు పెట్టింది. కొత్త పేరు పెద్ద పేరు, భద్రమైన పేరు అనుకున్నారు. 2018లో ఆ ఐఎల్ఎఫ్ఎసే బాకీలు చెల్లించలేక కూలింది! ఇక సత్యం వారు 2005 ఆగస్టు 15న మొదలుపెట్టిన అంబులెన్సు సేవ చేతులు మారి 2009లో జీవీకే వారికి వెళ్లింది. జనానికి ఆ మార్పు తెలియనే తెలియదు. వారికి దాని పేరు 108. గుండె నొప్పి వచ్చినవాడు యజమాని ఎవరని అడగడు గదా.

బ్యాంకుల విషయం మనందరికీ నేరుగా తగిలింది. 1941లో హైదరాబాదు సంస్థానపు చట్టంతో పుట్టిన హైదరాబాద్ స్టేట్ బ్యాంకు, తరువాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్, 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసింది. బాధపడ్డాం గాని పెద్దగా తికమకపడలేదు. కారణం, అప్పటికి చాలా ఏళ్లుగా ఆ నీలం గుండ్రం గుర్తే రెండు బ్యాంకుల మీదా చూస్తున్నాం. కన్ను ముందే అలవాటు పడింది. ఆంధ్రా బ్యాంకు కథ వేరు. 1923 నవంబరులో మచిలీపట్నంలో డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు స్థాపించినది. 1980లో జాతీయం అయింది. 2020 ఏప్రిల్ 1న, దేశమంతా లాక్‌డౌన్‌లో ఇళ్లలో ఉండగా, యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. తొంభై ఆరేళ్ల పేరుకు వీడ్కోలు చెప్పడానికి గడప దాటే వీలు కూడా లేదు. కొంతకాలం కొత్త బోర్డు కింద ఆంధ్రా అన్న మాట చిన్న అక్షరాలతో వేశారు. అది మంచి పనే. కాని 2021 ఏప్రిల్ 1 నుంచి పాత చెక్కు పుస్తకాలు చెల్లవన్నారు, కోడ్ నంబరు మారింది. ఇప్పటికీ మన సభ్యుల్లో చాలామంది ఆంధ్రా బ్యాంకుకు వెళ్లొస్తానని ఇంట్లో చెప్పి యూనియన్ బ్యాంకుకు వెళ్తారు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. బ్యాంకు పేరు మారిన ప్రతిసారీ మోసగాళ్లకు పండగ. మీ బ్యాంకు విలీనమైంది, కొత్త కార్డు నంబరు చెప్పండి, ఫోనుకు వచ్చిన అంకెలు చెప్పండి అంటారు. మన సభ్యుడొకరు అలా ఒక మధ్యాహ్నం లక్షకు పైగా పోగొట్టుకున్నారు. కొత్త పేరు నోటికి అలవాటు కాని వేళ, ఆ పేరు స్పష్టంగా పలికినవాడే బ్యాంకువాడని ఆయన నమ్మారు. ఏ బ్యాంకూ ఫోనులో ఆ అంకెలు అడగదు. అడిగితే పెట్టేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయండి. విలీనం చేసే పెద్దలు ఆస్తులూ అప్పులూ కూడుకున్నారు గాని, డెబ్బై ఏళ్లవాడి జ్ఞాపకం ఏ పద్దు కింద వేశారో నాకు తెలియదు.

ఆర్టీసీ వారి సంగతి చెప్పకపోతే మీరు ఊరుకోరు. నిజాం హయాంలో 1932లో 27 బస్సులతో మొదలైన రవాణా శాఖ ఎన్ని పేర్లు మారిందో లెక్కపెట్టండి. మొన్న 2024లో తెలంగాణలో టీఎస్ పోయి టీజీ వచ్చింది. ప్రయాణికుడికి అది ఆర్టీసీ బస్సు, ఎర్రబస్సు, అంతే. పల్లెవెలుగు అన్న పేరు పెట్టినవారెవరో గాని వారికి దండం పెట్టాలి. రాత్రివేళ ఊరి మొగదలలో ఆ దీపాలు కనబడగానే ఆ పేరు ఎందుకు పెట్టారో అర్థమవుతుంది.

ఈ ఉపోద్ఘాతమంతా దేనికో మీరు గ్రహించే ఉంటారు. నేటి ఎజెండాలో ఆరో అంశం మన సంఘం పేరు మార్పు. రిటైర్డ్ ఉద్యోగులు అనే మాట ముసలితనాన్ని గుర్తు చేస్తున్నదనీ, సీనియర్ సిటిజన్స్ ఫోరం అంటే కొత్తవారు చేరుతారనీ ప్రతిపాదించిన మిత్రుల వాదన. వారి ఆవేదనతో నేను ఏకీభవిస్తాను. కొత్త సభ్యులు తగ్గిన మాట నిజం. మందు మీద మాత్రం నాకు అనుమానం. నిన్న రిటైరైన వాడికి మనవల్ల కావలసింది పెన్షన్ కాగితాల్లో సాయం, కరువుభత్యం బకాయిల మీద పోరాటం, ఆసుపత్రి బిల్లుల తిరకాసు విప్పేవాడు. సీనియర్ సిటిజన్ అనేసరికి అరవై దాటిన ప్రతివాడూ వస్తాడు, పెన్షన్ ఊసు వెనక్కి పోతుంది. తప్పదనుకుంటే మహీంద్రా వారిలా రెండు పేర్లూ కొన్నేళ్లు పక్కపక్కన నడపండి.

ఇక గుమాస్తాగా నాకు తెలిసిన ఖర్చు చెబుతాను. సర్వసభ్య తీర్మానం, సంఘాల రిజిస్ట్రారు దగ్గర మార్పు, బ్యాంకు ఖాతా, పాన్ కార్డు, రసీదు పుస్తకాలు, లెటర్‌హెడ్లు, రబ్బరు ముద్రలు, గేటు మీది బోర్డు. ఇవన్నీ కోశాధికారి గారు లెక్క వేయగలరు. వేయలేనిది ఒకటుంది. పాత పేరు మీద సంఘం ఇచ్చిన అర్జీలు, కోర్టు కాగితాలు ఎక్కడెక్కడో ఫైళ్లలో ఉన్నాయి. పేరు వేరు కాబట్టి అర్జీదారు మీరు కాదు అని ఒక్క నోట్ రాయడానికి ఆఫీసులో ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు, నేనూ ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణే. అందుచేత ఆరో అంశం మీద చేతులెత్తించే ముందు, పాత పేరు మీద ఇంకా తేలని అర్జీలు ఎన్ని ఉన్నాయో తేదీలతో సహా కార్యదర్శి గారు చదివి వినిపించవలసిందిగా కోరుతూ, సెలవు తీసుకుంటున్నాను.