ఐపీ పెట్టేముందు అప్పుల కాగితం రాయండి
(మండల సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ నెలలో ముగ్గురు సభ్యులు విడివిడిగా నా దగ్గరకు వచ్చారు. ముగ్గురూ అడిగింది ఒకటే మాట. "ఐపీ పెడితే ఎట్లా ఉంటుంది అన్నా?" ఒకాయన అప్పు మూడు లక్షల ఎనభై వేలు. ఇంకొకాయనది ఆరు లక్షలు. మూడో ఆమె కౌలు రైతు, భర్త పోయాడు, అప్పు నాలుగున్నర లక్షలు. ముగ్గురూ తలుపు దగ్గరకు వేసి, గొంతు తగ్గించి అడిగారు, ఏదో దొంగతనం చేసినట్టు. అందుకే ఈ సంగతి నలుగురిలో మాట్లాడదామని కార్యదర్శి గారిని కొంచెం సమయం అడిగాను. నేను లాయర్ని కాను. పదో తరగతి చదివిన రైతుని. కానీ 2017లో ఐపీ కాగితాల మీద సంతకం దాకా వెళ్లి వెనక్కి వచ్చినవాణ్ణి.

ముందు సిగ్గు సంగతి చెబుతాను. మన వైపు "వాడు ఐపీ పెట్టాడు" అంటే తిట్టు కిందే లెక్క. కారణం ఉంది. చిట్టీలు వేసి జనం సొమ్ము మింగినవాళ్లు, సరుకు తీసుకుని డబ్బు ఎగ్గొట్టిన వ్యాపారులు దాన్ని అడ్డం పెట్టుకున్నారు. నాకూ ఒక మిర్చి వ్యాపారి 62 వేలు ఎగ్గొట్టి కోర్టు నోటీసు పంపించాడు. అప్పులవాళ్ల జాబితాలో నా పేరు 41వది. ఆ డబ్బులో రూపాయి కూడా రాలేదు. కాబట్టి అవతలి పక్కన నిలబడితే ఎట్లా ఉంటుందో కూడా నాకు తెలుసు.

కానీ అప్పు ఉండటమే సిగ్గు అనుకుంటే, ఇక్కడ తల ఎత్తుకుని కూర్చునేవాళ్లు ఎవరూ మిగలరు. 2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో సేద్యం చేసే కుటుంబాల్లో నూటికి 93 అప్పుల్లో ఉన్నాయని తేలింది. సగటు అప్పు 2,45,554 రూపాయలు, దేశంలో అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ. తెలంగాణలో నూటికి 91 పైనే, సగటు 1,52,113. నూటికి 93 మందికి ఉన్నది ఒక మనిషి తప్పు ఎట్లా అవుతుంది?

ఇక ఐపీ అంటే ఏమిటి? 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద, నేను అప్పులు తీర్చలేను, నన్ను దివాలాదారుగా ప్రకటించండి అని కోర్టులో వేసే అర్జీ. సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో వేస్తారు. ఆ చట్టంలో రాసినది 500 రూపాయల అప్పు. అంత ఉంటే చాలు అర్జీ వేయవచ్చు. అందుకని చిన్న అప్పుకు కూడా ఐపీ వేసుకోవచ్చని గుమాస్తాలు ఊరిస్తారు. వేయడం వేరు, నిలబడటం వేరు.

కోర్టు దివాలా ప్రకటిస్తే మన ఆస్తి రిసీవర్ చేతికి పోతుంది. దాన్ని అమ్మి అప్పులవాళ్లందరికీ పంచుతారు. అప్పటి నుంచి ఏ అప్పులవాడూ కోర్టు అనుమతి లేకుండా మన మీద దావా వేయకూడదు, ఆస్తి మీదికి రాకూడదు. అరెస్టు నుంచి రక్షణ కూడా అడగవచ్చు. ఇది మేలు.

ఆగనివి కూడా వినండి. పొలం తనఖా పెట్టిన బ్యాంకు, బంగారం తాకట్టు పెట్టుకున్నవాళ్లు తమ తాకట్టు మీద తాము వసూలు చేసుకోవచ్చు. ఐపీ వాళ్లను ఆపదు. ప్రభుత్వానికి కట్టాల్సిన బాకీ చివరికి కూడా మాఫీ కాదు. మనకు జామీను ఉన్నవాడు బయటపడడు, మనల్ని వదిలి అతని మీద పడతారు. అప్పిచ్చినవాడు ఖాళీ చెక్కు మీద సంతకం తీసుకుని ఉంటే, ఆ చెక్కు బౌన్స్ కేసు క్రిమినల్ కేసు, ఐపీ వేసినంత మాత్రాన ఆగదు. దివాలా నుంచి విడుదల కావడానికి మళ్లీ మనమే కోర్టు ఇచ్చిన గడువులో అర్జీ వేసుకోవాలి. వేయకపోతే మొదటికి వస్తుంది. ఈలోపు తాతల ఆస్తి ఏదైనా కలిసివస్తే అది కూడా రిసీవర్‌దే. విడుదల కాకముందు, దివాలా సంగతి చెప్పకుండా 50 రూపాయలు అప్పు తెచ్చినా నేరమే.

ఇప్పుడు నా కథ. 2017లో గుంటూరు యార్డులో మిర్చి ధర కుప్పకూలిన సంగతి మీకు గుర్తుంది. నాకు సొంతం రెండెకరాలు, కౌలుకు మూడెకరాలు. కోత కూలీ కూడా రాలేదు. మొత్తం అప్పు 5,40,000. రోజుకొకరు ఇంటి మీదికి వస్తున్నారు. నేను మధ్యాహ్నం పూట ఇంట్లో ఉండటం మానేశాను. పొలంలో పురుగుమందు డబ్బా వంక చూసిన రోజులు కూడా ఉన్నాయి. ఈ మాట మా ఇంట్లో వాళ్లకు చాలా కాలం చెప్పలేదు.

పట్నంలో ఒక గుమాస్తాను కలిశాను. "పాతిక వేలు ఇవ్వు, మిగతాది నేను చూసుకుంటా. ముందు పొలం మీ ఆవిడ పేర రాసెయ్, తర్వాత ఐపీ వేద్దాం" అన్నాడు. నేను సరేనని కాగితాలు ఇంటికి తెచ్చాను. మా ఆవిడ అన్నం పెట్టి, "అందులో ఏం రాశారో చదువు" అంది. చదివాను. అప్పులవాళ్ల పేర్లు వరసగా ఉన్నాయి. నాలుగో పేరు దగ్గర ఆపింది. ఆమె మా ఊళ్లో అంగన్‌వాడీ ఆయా. భర్త లేడు. కూతురి పెళ్లికి దాచుకున్న 70 వేలు నోటు మీద నాకిచ్చింది. "ఆమె పేరు కూడా రాశావా?" అంది. చట్టం ప్రకారం రాయాల్సిందే, ఒక్కరినీ దాచకూడదు. "మరి ఆ మిర్చి వ్యాపారి కాగితంలో నీ పేరు చూసుకుని నువ్వేమన్నావ్?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు సంఘంలో సీనియర్ ఒకాయన దగ్గరకు కాగితాలు పట్టుకుపోయాను. ఆయన చదివి రెండు మాటలు చెప్పాడు. "ఐపీ వేసేముందు రెండేళ్ల లోపల ఊరికే భార్య పేర రాసిన పొలాన్ని రిసీవర్ రద్దు చేయించవచ్చు. ఆస్తి దాచావని తేలితే జైలు కూడా పడుతుంది. రెండోది, నీ రెండెకరాలు ఇవాళ ఎంత చేస్తాయి?" ఇరవై నాలుగు లక్షలు అన్నాను. "ఇరవై నాలుగు లక్షల ఆస్తి పెట్టుకుని అయిదున్నర లక్షలు తీర్చలేనంటే జడ్జి ఎట్లా నమ్ముతాడు?" అన్నాడు. పాతిక వేలు తీసుకునే గుమాస్తా ఈ ప్రశ్న నన్ను అడగలేదు.

తర్వాత ఒక తెల్లకాగితం ఇచ్చి అప్పులన్నీ రాయమన్నాడు. ఎవరికి, అసలెంత, వడ్డీ ఎంత, నోటు తేదీ ఏది, తాకట్టు ఏముంది. రాశాను. బ్యాంకు పంట రుణం 80 వేలు. బంగారం మీద 60 వేలు. ఎరువుల కొట్టు ఖాతా 1,40,000. ప్రోనోట్లు మూడు కలిపి 2,60,000. ఆయా గారిది 70 వేలు, నూటికి రూపాయిన్నర. మిగతా రెండు నోట్లు 1,90,000, నూటికి మూడు రూపాయలు. లెక్క కట్టాం. ఆ రెండు నోట్ల వడ్డీ నెలకు 5,700. బ్యాంకు 80 వేల మీద ఏడు శాతం చొప్పున ఏడాదికి 5,600. అంటే బ్యాంకుకు ఏడాది మొత్తం కట్టే వడ్డీ కంటే ఆ నోట్లకు ఒక్క నెలలో ఎక్కువ కడుతున్నాను. ఇన్నాళ్లూ బ్యాంకు నోటీసుకు వణికాను గానీ, నన్ను తినేస్తున్నది ఎక్కడుందో కాగితం మీద చూశాకే తెలిసింది.

పావు ఎకరం అమ్మాను. 2,90,000 వచ్చింది. సంఘం ఆఫీసులో అప్పులవాళ్లను కూర్చోబెట్టి, కాగితం అందరి ముందూ పెట్టాం. ఆయా గారికి 70 వేలూ ఇచ్చేశాను. మూడు రూపాయల నోట్లవాళ్లకు 1,50,000 ఇచ్చి, మిగిలిన 40 వేలు వడ్డీ లేకుండా రెండేళ్లలో ఇచ్చేట్టు ఒప్పించాం. కొట్టు యజమానికి సగం, 70 వేలు ఇచ్చాను. మిగతా సగం రెండు పంటల మీద. ఇచ్చిన ప్రతి పైసాకు నోటు వెనక చెల్లు రాయించుకున్నాం. బ్యాంకు, బంగారం అప్పులు మూడేళ్లకు తీరాయి. ఆ పావు ఎకరం మళ్లీ కొనలేకపోయాను. ఇప్పుడది రోడ్డు పక్క స్థలం, దాని ధర వింటే కడుపు మండుతుంది. అయినా ఆలస్యం చేసి ఉంటే ఎకరం పోయేది.

నా కథ విని ఐపీ ఎవరూ పెట్టకూడదని అర్థం చేసుకోవద్దు. పక్క ఊళ్లో ఒక కౌలు రైతు ఉన్నాడు. సెంటు భూమి లేదు. అప్పు తొమ్మిది లక్షలు, అంతా నోట్ల మీదే, జామీనుదారు లేడు. డిక్రీ అయింది, ఈపీ వేశారు, అరెస్టు నోటీసు వచ్చింది. ఉచిత న్యాయ సహాయంలో లాయర్ని పెట్టుకుని, ఒక్క పేరు దాచకుండా ఐపీ వేశాడు. రైతు ఉండే ఇల్లు, సేద్యం పనిముట్లు, పశువులు, విత్తనాలు, వంట సామాను జప్తు కాకుండా సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ కాపాడుతుంది. అవి అతనికి మిగిలాయి. ఊళ్లో కొందరు మాట్లాడటం మానేశారు. కానీ మనిషి బతికి ఉన్నాడు, పిల్లలు చదువుతున్నారు. అతను చేసింది సరైన పనే.

కాబట్టి నా లెక్క ఇది. ఆస్తి అప్పు కంటే ఎక్కువుంటే ఐపీ మీకు పనికిరాదు, ఇప్పుడే కొంచెం అమ్మి బయటపడండి. అప్పులో ఎక్కువ భాగం తాకట్టు అప్పయితే ఐపీ వల్ల పెద్దగా ఒరిగేది లేదు. ఆస్తి లేక, నోట్ల అప్పు తీరే దారి లేక, ఈపీ మీద పడుతుంటే అప్పుడు ఐపీ ఆలోచించండి. జామీను ఉన్న మనిషికి ముందే చెప్పండి.

బెదిరింపులకు లొంగి తొందరపడవద్దు. డబ్బు డిక్రీకి అరెస్టు చేయిస్తామంటారు. కట్టగలిగి కూడా కట్టనివాడినే జైలుకు పంపాలి గానీ, పేదరికమే నేరం కాదని 1980లో సుప్రీంకోర్టు జాలీ జార్జ్ వర్గీస్ కేసులో తేల్చింది. ఆడవాళ్లను డబ్బు డిక్రీ మీద అరెస్టు చేయడానికి అసలే వీల్లేదు. సాగు భూమి తనఖాకు సర్ఫేసీ చట్టం వర్తించదు, బ్యాంకు కోర్టుకు పోకుండా నేరుగా పొలం వేలం వేయలేదు. ప్రోనోటుకు మూడేళ్ల కాలపరిమితి. గడువు దగ్గర పడగానే వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాయించుకుంటారు. లెక్క చూడకుండా సంతకం పెట్టకండి.

నన్ను అడిగిన అక్కకు ప్రత్యేకంగా చెబుతున్నాను. భర్త చేసిన అప్పుకు, ఆయన నుంచి మీకు వచ్చిన ఆస్తి మేరకే మీరు బాధ్యులు. మీరు కూడా సంతకం పెట్టిన నోటయితే వేరే సంగతి. పెద్దమనుషులు వచ్చి "నీ పేర నోటు తిరగరాయమ్మా" అంటే రాయవద్దు. ముందు మా దగ్గరకు రండి.

రాజీకి లోక్ అదాలత్ ఉంది. దావా పడకముందే వెళ్లవచ్చు, ఫీజు లేదు, అక్కడి తీర్పు మీద అప్పీలు ఉండదు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయం తక్కువున్నవాళ్లకు ఉచితంగా లాయర్ని ఇస్తారు. ఫోన్ నంబరు 15100.

ప్రభుత్వాన్ని అడగాల్సింది కూడా ఉంది. కంపెనీల దివాలాకు 2016లో కొత్త చట్టం తెచ్చారు. అదే చట్టంలో చిన్న అప్పులున్న పేదలకు "ఫ్రెష్ స్టార్ట్" అని ఒక అధ్యాయం రాశారు. ఏడాది ఆదాయం 60 వేలు, ఆస్తి 20 వేలు, అప్పు 35 వేలు మించకూడదు, సొంత ఇల్లు ఉండకూడదు. అంత ఇరుకు దారి పెట్టి, దాన్ని కూడా ఈనాటికీ అమల్లోకి తేలేదు. కేరళ 2006లో రైతు రుణ ఉపశమన కమిషన్ చట్టం చేసింది. తెలంగాణ 2016లో చేసింది. ప్రైవేటు అప్పుల మీద కూర్చుని తేల్చే అలాంటి కమిషన్ ఆంధ్రప్రదేశ్‌లోనూ కావాలి, తెలంగాణలోది గట్టిగా పనిచేయాలి. కౌలు రైతుకు బ్యాంకు అప్పు దొరకాలి. మూడు రూపాయల వడ్డీకి పోయేది సరదాకి కాదు కదా.

చివరి మాట. ఈ నెల నుంచి ప్రతి రెండో ఆదివారం ఉదయం సంఘం ఆఫీసులో నేను, మరో ఇద్దరు కూర్చుంటాం. ఒక తెల్లకాగితం మీద మీ అప్పులు రాసుకుని రండి. రాయడం రాకపోతే మేం రాస్తాం. భార్యాభర్తలు ఇద్దరూ రండి. ఒంటరిగా పొలంలో కూర్చుని ఆలోచించవద్దు. మనసు బాగా లేకపోతే 14416కి ఫోన్ చేయండి, లేదా అర్ధరాత్రి అయినా మా తలుపు కొట్టండి. ఆ రోజు మా ఆవిడ కాగితం చదవమనకపోతే నేను ఇవాళ ఇక్కడ నిలబడి ఉండేవాణ్ణి కాదేమో. అప్పు ఎంతైనా కాగితం మీద పెడితే దానికి ఒక దారి దొరుకుతుంది. సెలవు.