వచ్చిపోయే సేవ, ఉండిపోయే పిల్లలు

(కిషన్‌బాగ్‌లో బాల్వాడీ, అంగన్‌వాడీ కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న విషయం పైకి చిన్నదిగానే కనిపిస్తుంది. విదేశాల నుంచి ఒక స్త్రీ, లేదా భార్యాభర్తలు, తమ చిన్న పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి రెండు మూడు వారాలు మన కేంద్రంలో సేవ చేస్తామని అడుగుతారు. వాళ్లలో తెల్లవాళ్లుంటారు, అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన మన తెలుగువాళ్లూ ఉంటారు. రమ్మనాలా, వద్దనాలా?

వాళ్ల మనసు మంచిదా కాదా అన్నది ఇక్కడ చర్చ కాదు. చాలామంది మంచి ఉద్దేశంతోనే వస్తారు. తమ పిల్లలు ఇంకో ప్రపంచాన్ని చూడాలని ఒక తల్లి కోరుకోవడంలో తప్పు లేదు. మనం అడగవలసింది వేరు. ఈ సేవ ఎవరి శ్రమ మీద నడుస్తోంది? దీనివల్ల ఎవరి హక్కులు పెరుగుతున్నాయి, ఎవరివి తరుగుతున్నాయి?

ఎవరు వాలంటీరు?

ముందుగా ఆ మాటనే చూద్దాం. విదేశం నుంచి మూడు వారాలకు వచ్చే ఆమెను వాలంటీరు అంటున్నాం. ఈ గదిలో ఇరవై, ముప్పై ఏళ్లుగా పసిపిల్లల మధ్య పనిచేస్తున్న మీరెవరు? 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైనప్పటి నుంచి ప్రభుత్వ కాగితాల్లో మీరు కూడా 'గౌరవ కార్యకర్తలే'. అంటే స్వచ్ఛందంగా సేవ చేస్తున్నవాళ్లు. అందుకే మీకిచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. 2018 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వం ఆ గౌరవ వేతనాన్ని టీచరుకు నెలకు 4,500 రూపాయలుగా, ఆయాకు 2,250గా నిర్ణయించింది. రాష్ట్రం కలిపేది దానికి అదనం.

అంగన్‌వాడీ కార్యకర్తలది ప్రభుత్వోద్యోగం కాదని 2006లో కర్ణాటక కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. 2022 ఏప్రిల్‌లో గుజరాత్ కేసులో అదే కోర్టు, వీళ్లకు 1972 చట్టం కింద గ్రాట్యుటీ రావాలని, వీళ్లది పార్ట్‌టైం పని అనడం కుదరదని తేల్చింది. ఆ తర్వాత కూడా 2023 సెప్టెంబరులో తెలంగాణ అంగన్‌వాడీలు సమ్మెకు దిగవలసి వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన సమ్మె 42 రోజులు సాగింది. మధ్యలో ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. విచిత్రం చూడండి. జీతం అడిగితే ఇది స్వచ్ఛంద సేవ. పని ఆపితే ఇది అత్యవసర సేవ!

పిల్లల్ని చూడడం స్త్రీలకు పుట్టుకతో వచ్చే గుణమని, దానికి చదువూ నైపుణ్యం అక్కరలేదని పితృస్వామ్యం నమ్మిస్తుంది. ఆ నమ్మకం వల్లే మీ శ్రమకు విలువ కట్టరు. ఆ నమ్మకం వల్లే, ఏ శిక్షణా లేని మనిషి, పిల్లల భాష కూడా రాని మనిషి, విమానం దిగి నేరుగా పసిపిల్లల గదిలోకి రావచ్చునని అనుకుంటారు. మన పిల్లలు మాట్లాడేది దక్కనీ ఉర్దూ. తెలుగు వచ్చిన ఎన్నారై తల్లికి కూడా అది రాదు. ఆమె పిల్లల పేర్లు గుర్తుపట్టేసరికి తిరిగి వెళ్లే రోజు వస్తుంది.

ఆమె పిల్లల్ని ఎవరు చూస్తారు?

ఇక్కడొక స్త్రీవాద చిక్కుముడి ఉంది. పిల్లలున్న స్త్రీ సామాజిక కార్యాల్లోకి రాకూడదా? తప్పకుండా రావాలి. సభలకు, శిక్షణలకు పిల్లలతో వచ్చే వీలుండాలని, అక్కడ పిల్లల్ని చూసే ఏర్పాటుండాలని మనం ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నాం. కాబట్టి పిల్లల్ని తీసుకొచ్చిందని ఆమెను తప్పుపట్టలేం.

కానీ ఆమె మన కేంద్రంలో పిల్లలకు రంగులు వేయించే ఆ నాలుగు గంటలు ఆమె రెండేళ్ల బిడ్డ ఎవరి చంకలో ఉంటుంది? చాలాసార్లు మన ఆయా చంకలోనే. ఆ బిడ్డకు వేరే తిండి, కాచి చల్లార్చిన నీళ్లు, మధ్యాహ్నం నిద్రకు చల్లటి చోటు. అంటే నలభై మంది పిల్లల పని మీద ఇంకొక బిడ్డ పని వచ్చి పడుతుంది. అతిథి బిడ్డ కాబట్టి ముందు ఆ బిడ్డనే చూడాలి. ఈ అదనపు పనికి పేరు లేదు, పైసా లేదు.

ఈ బొమ్మను తిరగేసి చూడండి. పాతబస్తీ నుంచి ఎందరో తల్లులు గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్తున్నారు. పదో తరగతి చదవని, ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు మీద వెళ్లే స్త్రీకి ముప్పై ఏళ్లు నిండాలని మన ప్రభుత్వం నిబంధన పెట్టింది. తన బిడ్డను వెంట తీసుకెళ్లే వీలు మాత్రం ఎవరూ కల్పించలేదు. ఆమె బిడ్డ నానమ్మ దగ్గరో, అక్క దగ్గరో పెరుగుతుంది. ఆమె అక్కడ ఇంకొకరి బిడ్డకు అన్నం తినిపిస్తుంది. ఒక పాస్‌పోర్టు ఉన్న తల్లి బిడ్డలతో సహా వచ్చి సేవ చేసి వెళ్తుంది. ఇంకో పాస్‌పోర్టు ఉన్న తల్లి బిడ్డను వదిలి చాకిరీకి వెళ్తుంది. ఈ రెండు ప్రయాణాల మధ్య తేడా వ్యక్తుల మంచితనంలో లేదు, ప్రపంచం అమరికలో ఉంది.

పసిపిల్లలకు ఏమవుతుంది?

ఇక్కడ ఒక తేడా స్పష్టంగా చెప్పుకోవాలి. బాల్వాడీకి వచ్చే బిడ్డ సాయంత్రం అమ్మ దగ్గరికి వెళ్తుంది. వచ్చిన అతిథి వెళ్లిపోతే రెండు రోజులు దిగులుపడినా ఆ బిడ్డకు తన మనుషులున్నారు. అనాథాశ్రమంలో ఉన్న బిడ్డ పరిస్థితి వేరు. నెలకో కొత్త మనిషి వచ్చి ఎత్తుకుని, ముద్దుచేసి, ఫొటో తీసుకుని మాయమవుతుంటే ఆ బిడ్డకు మిగిలేది పదే పదే విడిపోవడమే. ముక్కూ మొహం తెలియని వాళ్ల మెడను కావలించుకునే పిల్లల్ని చూసి 'ఎంత ప్రేమో' అంటాం. ఆ ప్రేమ వెనక ఆకలి ఉంది.

ఇది మనమొక్కరమే అంటున్న మాట కాదు. అనాథాశ్రమాల్లో సేవా పర్యటనల వల్ల కలిగే హానిని 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ బాలల హక్కుల తీర్మానంలో ప్రస్తావించింది. ఆస్ట్రేలియాలో 2018లో ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చేటప్పుడు, సందర్శకుల కోసం, విరాళాల కోసం తల్లిదండ్రులున్న పిల్లల్ని కూడా ఆశ్రమాలకు చేర్చే వ్యాపారం గురించి వివరంగా చర్చ జరిగింది. మనకు ఇది కొత్త కాదు. 1999లోనూ, 2001లోనూ లంబాడా తండాల ఆడశిశువులు విదేశీ దత్తతల కోసం చేతులు మారిన వైనం మన రాష్ట్రమంతా చూసింది. బయటి నుంచి వచ్చే దయకు డబ్బు తోడైతే, ఆ దయకు సరిపడా 'అనాథలు' తయారవుతారు.

భద్రత మాట కూడా మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. ముంబయిలో యాంకరేజ్ అనే ఆశ్రమాలు నడిపి అక్కడి పిల్లలపై లైంగిక అత్యాచారాలు చేసిన ఇద్దరు బ్రిటిష్ పౌరులకు కింది కోర్టు 2006లో శిక్ష వేసింది. హైకోర్టు వాళ్లను విడిచిపెడితే, 2011లో సుప్రీం కోర్టు ఆ శిక్షను పునరుద్ధరించింది. వాళ్లు కూడా సేవకులుగానే వచ్చారు. పిల్లలతో వచ్చిన కుటుంబం కదా, ఏం భయం అనే ధీమా పనికిరాదు. కుటుంబం అనేది రక్షణకు హామీ కాదని స్త్రీలకు వేరే చెప్పాలా?

కాగితాలు, డబ్బు

చట్టం ప్రకారం విదేశీయులు టూరిస్టు వీసా మీద గరిష్ఠంగా ఒక నెల వరకు, ఎలాంటి ప్రతిఫలం లేకుండా స్వచ్ఛంద సేవ చేయవచ్చు. వాళ్లకు బస ఇచ్చినవాళ్లు 24 గంటల్లోగా అధికారులకు తెలియజేయాలి. ఇది చిన్న విషయమని వదిలేయకండి. అతిథి విమానమెక్కి వెళ్లిపోయాక పోలీసు వచ్చి తలుపు తట్టేది కిషన్‌బాగ్ ఇంటినే.

డబ్బు సంగతి మరింత సున్నితమైంది. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి, పరిపాలనా ఖర్చును 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. ఒక సంస్థ తీసుకున్న విరాళం ఇంకో సంస్థకు ఇవ్వడం ఆగిపోయింది. చిన్న సంస్థలు చితికిపోయాయి. 'వచ్చి చూసి వెళ్తే రేపు సాయం చేస్తారేమో' అన్న ఆశతో తలుపు తీసే పరిస్థితి ఏర్పడింది. ఆ ఆశ నాకు అర్థమవుతుంది. కానీ దానికి చెల్లించే మూల్యం పిల్లల రోజువారీ పాఠం కాకూడదు.

మనం పెట్టవలసిన షరతులు

అందుకే నేను రావద్దనమని చెప్పను, మన షరతుల మీద రమ్మనమంటాను. మొదటిది, పిల్లల్ని ఉంచుకుని పెంచే ఆశ్రమాలకు, హాస్టళ్లకు స్వల్పకాలిక సందర్శకులు అసలు వద్దు. రెండోది, బాల్వాడీలో అతిథి టీచరుకు సాయం మాత్రమే చేయాలి. టీచరు స్థానంలో కూర్చోకూడదు, ఏ బిడ్డతోనూ ఒంటరిగా ఉండకూడదు. స్నానం, మరుగుదొడ్డి పనులు మన ఆయాలే చూడాలి. మూడోది, వాళ్ల దేశం నుంచి పోలీసు ధ్రువపత్రం తేవాలి. పెద్దలకూ పిల్లలకూ టీకాలు పూర్తయి ఉండాలి. జలుబూ జ్వరమూ ఉన్నరోజు రాకూడదు. నాలుగోది, తల్లుల అనుమతి లేకుండా ఫొటో లేదు. సంరక్షణ అవసరమైన పిల్లల ఆనవాళ్లు బయటపెట్టడం 2015 బాలల న్యాయ చట్టం సెక్షన్ 74 ప్రకారం నేరం కూడా. అయిదోది, వాళ్ల బిడ్డను చూసే మనిషికి వాళ్లే న్యాయమైన కూలి ఇవ్వాలి. తండ్రి వెంట వస్తే ఆయన వంతు కూడా అడగాలి. ఆరోది, పిల్లల దగ్గర కన్నా మన దగ్గర వాళ్లకు ఎక్కువ పని ఉంది. లెక్కల పుస్తకం, కంప్యూటరు, అర్జీలు రాయడం, టీచర్లకు వాళ్లకు తెలిసిన మెలకువ ఏదైనా నేర్పడం. ఇవి వాళ్లు వెళ్లాక కూడా మిగులుతాయి.

ఈ షరతులు విని ఎవరైనా రావడం మానుకుంటే మనకు నష్టం లేదు. విని కూడా వచ్చేవాళ్లు నిజంగా మన మిత్రులు.

చివరిగా ఒక్క మాట. 2014 మే 14న ఈ కిషన్‌బాగ్‌లో గొడవలు జరిగి, కాల్పుల్లో ముగ్గురు చనిపోయి, కర్ఫ్యూ పెట్టారు. 2020లో లాక్‌డౌన్ వచ్చింది, అదే అక్టోబరులో వరదనీళ్లు పాతబస్తీ ఇళ్లలోకి వచ్చాయి. అలాంటి రోజుల్లో పిల్లలకు దిక్కయ్యేది అదే గల్లీలో ఉండే టీచరు, ఆయా, పక్కింటి ఖాలా. పసిపిల్లలకు కావలసింది అలా ఉండిపోయే మనుషులు. ఉండిపోయేవాళ్లకు కావలసింది జీతం, పెన్షన్, సెలవు, ఒక మంచి గది, అందులో నీళ్లొచ్చే మరుగుదొడ్డి. 2017లో ప్రసూతి చట్టం సవరించి, 50 మంది పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్నారు. ఇంట్లో కూర్చుని గాజులకు రాళ్లు అతికే తల్లికి, జరీ పని చేసే తల్లికి ఆ నిబంధన వర్తించదు. ఆమె బిడ్డకు మీ కేంద్రమే ఆధారం.

విదేశీ అతిథి వచ్చినప్పుడు ఈ మాట ఆమెకు కూడా చెప్పండి. తన దేశానికి వెళ్లాక మన పిల్లల కళ్ల గురించి కాకుండా, మన ఆయా కూలి గురించి నలుగురికీ చెబితే అంతకు మించిన సేవ లేదు. మన వంతుగా, గౌరవ వేతనం అనే మాట పోయి జీతం అనే మాట వచ్చేదాకా పోరాడదాం.